నొసటి అతుకు

జీవితములో జరుగవలసినదంతయు నొసట ముందే వ్రాయబడి ఉన్నదని తెలుగువారి విశ్వాసము. మంచి జరిగితే నొసటి వ్రాత బాగున్నదందురు. చెడు జరిగితే ఆ వ్రాత వ్రాసినవానిని నిందింతురు. పెండ్లిలో బాసికము కట్టునది అక్కడ. బొట్టు పెట్టునది, విభూతి పూయునది, నామము దిద్దునది అక్కడనే. ఇంత మన్నన పొందిన ఆ చోటు లోపల ఏమున్నదో మాత్రము చాలమందికి తెలియదు. బండరాయివలె తోచే ఆ ఎముక కనుబొమల పైభాగమున గుల్లగా ఉంటుంది. ఆ గుల్ల పగిలినప్పుడు వైద్యులు ఏమి చేస్తారు? శరీరములో మరియొక చోటినుండి ఎముకను తెచ్చి అతికితే అది ఎంతకాలము నిలుస్తుంది? పది, ఇరువది ఏండ్లు గడచిన పిమ్మట ఏమవుతుంది? ఈ ప్రశ్నలు వైద్యగ్రంథములకు మాత్రమే పరిమితమైనవి కావు. బాట ఉన్న ప్రతి ఊరికిని, బండి నడిపే ప్రతి ఇంటికిని సంబంధించినవి.

అనంతపురము జిల్లాలో తాడిపత్రికి చేరువనున్న యాడికి అటువంటి ఊరే. అది సున్నపురాతి సీమ. కోన ఉప్పలపాడు దగ్గర నీరు యుగయుగములుగా రాతిని కరగించి భూమిలోపల గుహలు తొలిచినది. నేలమీద నడిచేవానికి క్రింద అంత ఖాళీ ఉన్నదని తోచదు. ఆ రాతిమీదనే నేడు అక్కడి బ్రతుకుతెరువు చాలవరకు ఆధారపడి ఉన్నది. సిమెంటు కర్మాగారములు, నాపరాళ్లు కోసి నునుపుచేసే పాలిషు మిల్లులు, వాటికి సరకు మోసే లారీలు, ట్రాక్టర్లు ఆ ప్రాంతపు జీవనములో భాగమైనవి. జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగను నమ్ముకొన్న రైతు వాన తప్పిన ఏట గనికో, మిల్లుకో, బెంగుళూరుకో పోక తప్పదు. గనిలో ఎగిరివచ్చిన రాయి, పట్టుతప్పిన సుత్తి, చీకటిలో దీపము లేక నిలిపిన ట్రాలీ, హెల్మెట్టు లేని మోటారు సైకిలు ప్రయాణము — నొసలు పగులుటకు కారణములకు అక్కడ కరవు లేదు.

గుల్ల, కట్ట, తూము

నొసటి ఎముకలోని ఈ ఖాళీని వైద్యులు ఫ్రాంటల్ సైనస్ అంటారు. తెలుగులో లలాట కుహరమనవచ్చును. పుట్టిన బిడ్డకు ఇది ఉండదు. రెండవ ఏటి ప్రాంతమున మొలకెత్తి, ఆరు నుండి ఎనిమిదేండ్ల వయస్సులో ఎక్స్‌రేలో కనబడసాగి, యౌవనము వచ్చునాటికి పూర్తి పరిమాణమునకు చేరుతుంది. సాధారణముగా ఎడమ, కుడి అని రెండు గదులు ఉంటాయి. అవి సమానముగా ఉండవు. కొందరికి ఒకటే ఉంటుంది, మరికొందరికి అసలే ఉండదు.

ఈ గదికి ముందుగోడ మందమైనది. ముఖములోని ఎముకలన్నింటిలో అధికమైన దెబ్బను ఓర్చుకోగలది ఈ భాగమే. అందుచేతనే ముఖపు ఎముకలు విరిగిన నూరుగురిలో నొసటి గుల్ల పగిలినవారు 5 నుండి 15 మంది మాత్రమే ఉంటారు. కాని అది పగిలినదంటే తగిలిన దెబ్బ సామాన్యమైనది కాదని అర్థము. కండ్లకు, మెదడుకు, మెడకు గూడ గాయము అయినదేమోనని వెదకవలసినదే. వెనుకగోడ పలుచనిది. దాని వెనుక మెదడును కప్పిన పొర, ఆ పొర వెనుక మెదడు. అడుగుభాగము కంటిగూటికి పైకప్పు. ఆ అడుగుననే ముక్కులోనికి దిగే సన్నని దారి ఒకటి ఉన్నది.

రాయలసీమ రైతుకు దీనిని బోధపరచుటకు చెరువును మించిన ఉపమానము లేదు. గుల్ల చెరువు, ముందువెనుకల గోడలు కట్టలు, ముక్కులోనికి దిగే దారి తూము. గుల్ల లోపలిభాగమునంతటిని ఒక శ్లేష్మపు పొర కప్పి ఉంటుంది. ఆ పొర నిరంతరము కొద్దికొద్దిగా జిగురునీటిని ఊరుస్తూ, కంటికి కనబడని నూగుతో దానిని తూమువైపు నెట్టుచుండును. అనంతపురపు చెరువులవలె ఈ చెరువు ఎండదు. వానతో పని లేదు, ఊట ఆగదు. తూము తెరచి ఉన్నంతకాలము ఆ ఊట సంగతి మనకు తెలియనే తెలియదు. తూము పూడినదా, ఊరిన నీరు పోవుటకు దారి లేక నిలుస్తుంది, చిక్కబడుతుంది, కట్టను లోపలినుండి ఒరయసాగుతుంది. నొసటి పగులుకు చేసే చికిత్సలోని మంచిచెడ్డలన్నియు ఈ ఒక్క సంగతిమీదనే ఆధారపడి ఉన్నవి.

సుశ్రుతుడు చేయి విడిచిన గాయము

మన ప్రాచీనులు ఎముకల విరుగుడును బాగుగానే పరిశీలించినారు. సుశ్రుతుడు ఎముకలను కపాలము, రుచకము, తరుణము, వలయము, నలకము అని అయిదు తెగలుగా విభజించినాడు. మెత్తని తరుణాస్థులు వంగుతాయనియు, గొట్టమువంటి నలకాస్థులు విరుగుతాయనియు, పలకలవంటి కపాలాస్థులు పగులుతాయనియు ఒక్కొక్క జాతికి ఒక్కొక్క స్వభావమును చెప్పినాడు. విరిగిన చేయికి, కాలికి కట్టు కట్టే విధానమును విపులముగా బోధించిన ఆ మహావైద్యుడు, నొసట నుగ్గయిన ఎముకను మాత్రము వైద్యుడు చేపట్టకూడని గాయములలో చేర్చినాడు. అది చేతకానితనము కాదు. లోపల మెదడున్నదని, చీము పట్టినచో రక్షించుట అసాధ్యమని ఎరిగిన అనుభవజ్ఞుని వివేకము.

సుశ్రుతుడు విడిచిన ఆ గాయమును తరువాతివారు చేపట్టుటకు మూడు సాధనములు కావలసివచ్చినవి: నొప్పి తెలియనీయని మత్తు, చీము పట్టనీయని శుభ్రత, లోపలి పగులును చూపే చిత్రము. మొదటి రెండును పంతొమ్మిదవ శతాబ్దములో వచ్చినవి. 1895లో రాంట్‌గెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొన్నాడు. పలుచని వెనుకగోడ పగులును సైతము పొరలుపొరలుగా చూపగల సి.టి. యంత్రముతో మొదటి రోగికి తల పరీక్ష జరిగినది 1971లో. కాబట్టి నొసటి గుల్లకు నేడు జరుగుచున్న కచ్చితమైన చికిత్స వయస్సు అర్ధశతాబ్దమే అనవచ్చును.

అతికిన ఎముక ఎట్లు బ్రతుకుతుంది

ఎముకకు ఎముకను అతకవలెననే ఆలోచన అంతకంటె పాతది. హాలెండు వైద్యుడు యోబ్ వాన్ మేకెరెన్ గ్రంథము 1668లో వెలువడినది. పుర్రె పగిలిన ఒక రష్యను యోధునికి కుక్క పుర్రెముక్కను అతికినారనియు, చర్చి దానిని పాపమని అతనిని వెలివేయగా దానిని తీసివేయుమని అతడు తిరిగి వచ్చినాడనియు, అప్పటికే అది గట్టిగా కుదురుకొన్నదనియు అందులో ఒక కథ ఉన్నది. శాస్త్రముగా నిలిచిన మొదటి మెట్టు మాత్రము స్కాట్లండు వైద్యుడు విలియం మెకెవెన్‌ది. చీముపట్టి చేతి ఎముకను కోల్పోయిన ఒక బాలునికి ఇతర రోగుల కాలి ఎముకల ముక్కలు అతికి, ఆ సంగతిని 1881లో ప్రకటించినాడు. అంతటితో విడువక, ఆ బాలుడు పెరిగి పెద్దవాడై ఆ చేతితో పని చేసుకొని బ్రతుకుచున్న వైనమును సైతము తరువాత గ్రంథస్థము చేసినాడు. అతికిన ఎముకకు అసలైన తీర్పు చెప్పేది కాలమని ఆయన ఆనాడే గ్రహించినాడు.

అతికిన ఎముక అంటుమామిడి కొమ్మవంటిది కాదు. కొమ్మ అట్లే బ్రతికి చిగురిస్తుంది. ఎముక ముక్కలోని జీవకణములు చాలవరకు చనిపోతాయి. మిగిలిన నిర్జీవపు చట్రములోనికి చుట్టుప్రక్కల ఎముకనుండి రక్తనాళములు ప్రాకుతాయి. వాటివెంట వచ్చిన కణములు పాత ఎముకను కొంచెము కొంచెముగా తొలగిస్తూ, ఆ చోట క్రొత్తదానిని పేర్చుకొంటూ పోతాయి. ఈ మార్పిడికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పడుతుంది. తొలగించుట ఎక్కువై పేర్చుట తక్కువైతే అతుకు కరిగి నొసట పల్లము పడుతుంది.

కరగుటలో అన్ని ఎముకలు సమానము కావు. తుంటి ఎముకలో గుజ్జు భాగము ఎక్కువ. రక్తనాళములు అందులోనికి త్వరగా ప్రవేశిస్తాయి, కాని కరుగుట గూడ ఎక్కువ. ప్రక్కటెముక వంపు తిరిగి ఉండుటచే నొసటికి పొసగినట్లు కనబడినను కాలక్రమమున తరుగుతుంది. పుర్రె పైపొరనుండి తీసిన పలక దట్టమైనది. ఆకారమును చాలకాలము నిలుపుకొంటుంది. ముఖ శస్త్రచికిత్సకు మార్గదర్శకుడైన ఫ్రాన్సు వైద్యుడు పాల్ టెసియర్ 1982లో ఈ పుర్రె పలకల వాడుకను గూర్చి వ్రాసిన పిదప ఆ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. నొసటిని విప్పుటకు చెవినుండి చెవికి జుట్టులోపల కోసిన కోతలోనుండియే ఆ పలకను గూడ తీయవచ్చును. మరియొక గాయము అక్కరలేదు. తుంటి నొప్పితో రోగి కుంటవలసిన పని లేదు. అతుకును కదలకుండ సన్నని టైటానియం బిళ్లలతో, మరలతో బిగించిన తరువాత కరుగుట మరింత తగ్గినది.

ఎముక చేయవలసిన మూడు పనులు

నొసటి చికిత్సలో ఎముక ముక్క మూడు విధములుగా ఉపయోగపడుతుంది. మొదటిది, నుగ్గయి పోయిన ముందుగోడ స్థానమున నిలిచి నొసటికి ఆకారమిచ్చుట. రెండవది, తూము చెడిపోయినప్పుడు దానిని శాశ్వతముగా మూసివేసే బిరడాగా పనిచేయుట. మూడవది, గుల్లనంతటిని నింపి ఖాళీ లేకుండ చేయుట. మొదటి పని కంటికి కనబడుతుంది. రోగియు, బంధువులును దానినే చూచి సంతోషిస్తారు. తక్కిన రెండు పనులు లోపలివి. ఏండ్లు గడచిన పిమ్మట కీడో మేలో తేల్చేవి అవే.

ఈ వివేకము ఒక్కనాట వచ్చినది కాదు. పంతొమ్మిదవ శతాబ్దము చివర, 1898 ప్రాంతమున, జర్మను వైద్యుడు రీడెల్ జబ్బుపడిన గుల్ల ముందుగోడను, అడుగును పూర్తిగా తొలగించి, నొసటి చర్మమును వెనుకగోడమీద పడనిచ్చే పద్ధతిని ప్రవేశపెట్టినాడు. ప్రాణము దక్కేది గాని నొసట గొయ్యి పడి మనిషి రూపము మారేది. కిల్లియన్ 1904 నాటికి కనుబొమ ఎముకను వారధివలె నిలిపి ఆ వికారమును కొంత తగ్గించినాడు. బోస్టను నగరములో గుడేల్, మాంట్‌గోమరీ అనువారు 1958లో వేరొక దారి చూపినారు. ముందుగోడను పెట్టె మూతవలె తెరచి, లోపలి శ్లేష్మపు పొరను ఆసాంతము తీసివేసి, పొట్టనుండి తీసిన కొవ్వుతో గుల్లను నింపి, మూతను మరల మూసివేయుట ఆ పద్ధతి. చెరువే లేకుండ చేస్తే తూముతో పని ఏమి అనుట వారి భావము. వెనుకగోడ గూడ నుగ్గయినవారికి 1978లో డొనాల్డ్, బెర్న్‌స్టీన్ మరియొక ఉపాయము చెప్పినారు. వెనుకగోడను తొలగించి, తూమును మూసివేసి, మెదడే ముందుకు వచ్చి ఆ ఖాళీని ఆక్రమించుకొనునట్లు చేయుట అది.

ఈ పద్ధతులన్నింటికి ఒక్కటే ప్రాణసూత్రము: లోపల శ్లేష్మపు పొర అణుమాత్రమును మిగలరాదు. చెప్పినంత సులభమైన పని కాదు. ఆ పొర ఎముకలోని సూక్ష్మమైన సిరల రంధ్రములలోనికి గూడ దిగి ఉంటుంది. అందుచే పొరను లాగివేసి ఊరకుండక, భూతద్దపు సాయముతో ఎముక లోపలిముఖమును అంతటిని సన్నని డ్రిల్లుతో చెక్కవలెను. ఒక్క తునక మిగిలినను అది చావదు. అతికిన ఎముక చాటున, నింపిన కొవ్వు చాటున, తన పని తాను చేసికొంటూ పోతుంది.

ఏండ్ల చాటున పెరిగే తిత్తి

ఆ మిగిలిన తునక నుండి ఊరిన జిగురునీరు తిత్తి కడుతుంది. వైద్యులు దానిని మ్యూకోసీలు అంటారు. అది పుండు కాదు, పుట్టకురుపు కాదు. ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండ మెల్లగా పెరుగుతుంది. పెరుగుతూ చుట్టునున్న ఎముకను ఒరసి పలుచన చేస్తుంది. క్రిందికి దిగితే కంటిని ప్రక్కకు, క్రిందికి నెట్టుతుంది. వెనుకకు పోతే మెదడు పొరను తాకుతుంది. అందులో చీము పట్టినచో మెదడువాపు, మెదడులో చీముగడ్డ, ఎముక కుళ్లు వంటి ప్రాణాపాయములు కలుగుతాయి. ఇది గాయమయిన మరునాడు రాదు, మరు ఏడాది గూడ రాకపోవచ్చును. పదేండ్లకు, ఇరువది ఏండ్లకు, అంతకంటె ఆలస్యముగా గూడ బయటపడిన సందర్భములు వైద్యపత్రికలలో నమోదై ఉన్నవి. పుండు మానినా మచ్చ పోదని సామెత. ఇక్కడ మచ్చ పైకి కనబడకపోవుటయే ప్రమాదము.

దీర్ఘకాలపు ఫలితములను లెక్కించిన పరిశోధనలు రెండింటిని చెప్పవలెను. జర్మనీలో వెబర్, డ్రాఫ్ మొదలగువారు గుల్లను కొవ్వుతో నింపిన 82 శస్త్రచికిత్సల ఫలితములను ఎం.ఆర్.ఐ. పరీక్షతో చూచి 2000లో ప్రకటించినారు. అవి పగుళ్లకే కాక ఇతర సైనస్ వ్యాధులకు గూడ చేసినవి. పరీక్షించినవారిలో నూటికి సుమారు 10 మందికి తిత్తి ఏర్పడినది. సగముకంటె ఎక్కువమందిలో నింపిన కొవ్వు ఐదవ వంతుగూడ మిగలలేదు. నింపితిమి, ఇక భయము లేదని నిశ్చింతగా ఉండరాదని దానివలన తేలినది.

రెండవది అమెరికాలోని బాల్టిమోర్ ప్రమాద చికిత్సాలయములో 26 ఏండ్లపాటు నొసటి పగుళ్లకు జరిగిన చికిత్స వివరము. రోడ్రిగెజ్ మొదలగువారు 2008లో దానిని ప్రకటించినారు. లెక్కకు వచ్చిన 857 మందిలో 504 మందికి శస్త్రచికిత్స జరిగినది. 353 మందిని కోయకుండ కనిపెట్టి చూచినారు. మొదటివారిలో నూటికి 10 మందికి, రెండవవారిలో నూటికి 3 మందికి చిక్కులు వచ్చినవి. స్వల్పగాయములను కోయరు గనుక ఈ రెండు సంఖ్యలను త్రాసులో పెట్టి తూచుట తగదు. అసలు పాఠము వేరొకటి. చిక్కులు వచ్చినవారిలో దాదాపు అందరును తూము దెబ్బతిన్నవారే. గుల్లను కొవ్వుతో నింపినవారిలో నూటికి 22 మందికి, ఏమియు నింపక దానంతట అదే ఎముకతో పూడుకొనునని వదలినవారిలో నూటికి 43 మందికి చిక్కులు కలిగినవి. ఆ రెండు పద్ధతులే అన్నింటికంటె చెడ్డ ఫలితము ఇచ్చినట్లు తేలినది.

ఈ అనుభవముల సారము వలన నేటి వైద్యుల పట్టుదల మూడు విషయములమీద నిలిచినది. తూము చెడినదో లేదో సి.టి.లో మొదట తేల్చుకొనుట మొదటిది. చెడినచో శ్లేష్మపు పొరను నిశ్శేషముగా చెక్కి, తూమును రోగి సొంత ఎముక ముక్కలతో బిగించి, నొసటి చర్మము అడుగుననుండి రక్తప్రసారముతో సహా మడచి తెచ్చిన పొరతో కప్పుట రెండవది. గుల్లను ఆనుకొని కృత్రిమమైన సిమెంటువంటి పదార్థములను పెట్టుటకు వెనుకాడుట మూడవది. ముక్కులోని క్రిములు సోకితే అవి చీముపట్టి ఊడివచ్చిన ఉదాహరణలు ఉన్నవి. సొంత ఎముక కొంత కరిగినను రక్తము ప్రసరించే జీవపదార్థముగా మారుతుంది. క్రిములను తట్టుకోగల శక్తి దానికి ఎక్కువ. తూము స్వల్పముగా మాత్రమే చెడినవారిలో గుల్లను పాడుచేయక, కొన్నాళ్లు కనిపెట్టి చూచి, అవసరమయితే ముక్కులోనుండి దుర్భిణి గొట్టమును పంపి తూమును వెడల్పు చేసే పద్ధతి ఇటీవలి దశాబ్దములలో బలపడినది.

రూపము విషయములో ఫలితములు సాధారణముగా తృప్తికరమే. గట్టిగా బిగించిన పుర్రెపలక చాలమందిలో నొసటి వంపును ఏండ్లతరబడి నిలుపుతుంది. కొందరిలో అక్కడక్కడ చిన్న పల్లమో, చేతికి తగిలే అంచో ఏర్పడుతుంది. నొసటిమీద, నడినెత్తిన తిమ్మిరి కొంతకాలము, కొందరిలో ఎప్పటికిని మిగులుతుంది. వయస్సు మీరి జుట్టు పలుచబడినప్పుడు చెవినుండి చెవికి ఉన్న మచ్చ బయటపడుతుంది. ఇవి ఓర్చుకొనదగినవి. నొసలు అందముగా కుదిరినది గనుక లోపల అంతయు చక్కగా ఉన్నదనుకొనుట మాత్రము ప్రమాదకరమైన భ్రమ. కట్ట ఎంత నునుపుగా ఉన్నను తూము సంగతి కట్ట చెప్పదు.

కాగితము ఎవరు దాచవలెను

ఇక్కడ వైద్యశాస్త్రము ముగిసి యాడికి వంటి ఊరి జీవితము మొదలవుతుంది. అనంతపురము జిల్లాలో గాయపడినవాడు ఆసుపత్రికి చేరుట మునుపటికంటె సులభమైనది. 108 వాహనములు రాష్ట్రములో 2005 ఆగస్టు 15న మొదలయినవి. అనంతపురములో ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో వెలసినది. పేదల శస్త్రచికిత్సకు ప్రభుత్వమే ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న తొలుత ఆరంభమయిన మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి. 2024లో దానికి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మార్చినారు. గాయమయిన దినమున ఆదుకొనుటకు ఏర్పాట్లు పెరిగినవి. పదవ ఏట కనబడే తిత్తిని పట్టుకొనుటకు ఏర్పాటు ఎక్కడ ఉండవలెను? అది రోగి జ్ఞాపకములో ఉండవలెను, లేదా ఇంటిలోని పెట్టెలో ఉండవలెను.

ఇరువది రెండేండ్ల యువకుడొకడు తాడిపత్రి బాటలో పడి నొసలు పగులగొట్టుకొన్నాడనుకొందము. శస్త్రచికిత్స చక్కగా జరిగినది. మూడు నెలలకు పనికి పోయినాడు. ఆ ఏడు వాన లేదు, బెంగుళూరు పోయినాడు. నొప్పి లేనివాడు ఆసుపత్రికి ఎందుకు పోవును? ఒక దినము కూలి పోవును, ప్రయాణపు ఖర్చు మీదపడును. పెండ్లి అయినది, పిల్లలు కలిగినారు. ముప్పది అయిదవ ఏట ఒక కన్ను కొంచెము క్రిందికి దిగినట్లు భార్య చెప్పును. కంటిజబ్బని కండ్లద్దముల దుకాణమునకు పోవును. తలబరువని మాత్రలు మింగును. పదమూడేండ్ల క్రిందటి దెబ్బకు, నేటి కంటికి సంబంధమున్నదని అతనికి తట్టదు. కాగితము లేనందున క్రొత్త వైద్యునికిని వెంటనే తట్టకపోవచ్చును. చికిత్స సాధ్యమయిన తిత్తి ప్రాణాంతకమయ్యేది ఈ మరపులోనే.

కావున నొసటి గుల్లకు శస్త్రచికిత్స జరిగినవారు చేయవలసినవి కొన్ని కలవు. ఏ పద్ధతి చేసినారు, గుల్లను నింపినారా, దేనితో నింపినారు, తూమును మూసినారా, ఎముకను ఎక్కడనుండి తీసినారు, ఏ లోహపు బిళ్లలు వేసినారు అన్న వివరములున్న డిశ్చార్జి కాగితమును, సి.టి. చిత్రములను భూమి పట్టా పాసుపుస్తకముతో సమానముగా దాచవలెను. వైద్యుడు చెప్పిన గడువులకు, నొప్పి లేకపోయినను, పరీక్షకు పోవలెను. మొదటి ఏడాది తరువాత గూడ కొన్నేండ్లపాటు మధ్యమధ్య సి.టి. తీయించుట చాలమంది శస్త్రవైద్యుల వాడుక. కొవ్వుతో నింపినవారిలో తిత్తిని గుర్తించుటకు ఎం.ఆర్.ఐ. మేలైనది. టైటానియమును అయస్కాంతము లాగదు గనుక తలలో బిళ్లలు ఉన్నవని ఆ పరీక్షకు భయపడనక్కరలేదు. పరీక్ష చేసేవారికి ముందుగా చెప్పిన చాలును.

కొన్ని గుర్తులు కనబడినప్పుడు గడువు కొరకు ఆగరాదు. కంటి లోపలి మూల పైభాగమున వాపు, కన్ను ప్రక్కకో క్రిందికో జరుగుట, ఒకటి రెండుగా కనబడుట, నొసట మెత్తని వాపు, తగ్గని తలబరువు — ఇవి కలిగినచో చెవి ముక్కు గొంతు వైద్యునికి పాత గాయపు సంగతి చెప్పి చూపవలెను. వంగినప్పుడు ముక్కునుండి తేటనీరు కారుట జలుబు కాకపోవచ్చును. మెదడు చుట్టునున్న నీరు కావచ్చును. జ్వరముతో కూడిన తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకొనుట, మగత కలిగినచో అదే పూట పెద్ద ఆసుపత్రికి పోవలెను.

అసలు నొసలు పగులకుండ చూచుకొనుట అన్నిటికంటె చౌక. ద్విచక్రవాహనము నడిపేవారికి హెల్మెట్టును 1988 నాటి మోటారు వాహనముల చట్టమే విధించినది. నొసటిని పూర్తిగా కప్పి, గడ్డము క్రింద పట్టీ బిగించినప్పుడే అది రక్షణ. బండి హాండిలుకు తగిలించినది అలంకారము. గనిలో, మిల్లులో టోపీ పెట్టుకొనుట పిరికితనము కాదు.

ఒకనాడు శాస్త్రజ్ఞుడైన సుశ్రుతుడే చేయి విడిచిన గాయమును నేటి వైద్యుడు చేపట్టి, పుర్రెపలకతో అతికి, మనిషిని మునుపటి ముఖముతో ఇంటికి పంపుచున్నాడు. అది సామాన్యమైన విజయము కాదు. ఆ విజయమును ఇరువది ఏండ్లు నిలుపుకొనుట ఆసుపత్రి ఒక్కదాని చేతిలో లేదు. గాయపడినవాడు మరచినను ఇంటిలో ఒకరు జ్ఞాపకముంచుకొనవలెను. తల్లియో, భార్యయో, పెద్దదైన కూతురో, ఆ కాగితము ఏ పెట్టెలో ఉన్నదో ఎరిగినవారు ఒక్కరున్న ఇంటిలో ఈ జబ్బుకు సగము బలము పోయినట్లే.